మూడున్నర నక్షత్రాల తేడా

ముందే ఒక మాట చెప్పేస్తాను. ప్రభుత్వం ఏ పని చేసినా ఆలోచించే చేస్తుందని నమ్మేవాళ్ళలో నేనొకణ్ణి. ఇరవై ఆరేళ్ళ సర్వీసులో ఆ నమ్మకం ఎన్నడూ సడలలేదు. కాబట్టి దీన్ని అభిరుచి సమన్వయ శాఖ మీద ఫిర్యాదుగా ఎవరూ చదవొద్దు. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను, అంతే.

శాఖ పుట్టుక గురించి మాకు శిక్షణలో చెప్పారు. రాజధానిలో చాలా పెద్దాయన ఒకరు ఒక ఆదివారం కుటుంబంతో సినిమాకి వెళ్ళి, కడుపుబ్బ నవ్వి, హాయిగా ఇంటికొచ్చి పడుకున్నారట. మర్నాడు పేపరు తిరగేస్తే ఆ సినిమాకి విమర్శకుడు ఒక్క నక్షత్రం ఇచ్చి, ‘ఇది నచ్చినవాళ్ళ మీద జాలిపడటం తప్ప మనం చేయగలిగింది లేదు’ అని రాశాడు. పెద్దాయన రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదు. మూడో రోజున కమిటీ వేశారు. కమిటీ ఐదు దేశాలు తిరిగొచ్చి ఒక విషయం తేల్చింది. సినిమాల గురించి విమర్శకులు అనుకునేదానికీ, జనం అనుకునేదానికీ తేడా ఉంది. ఆ తేడా ఉన్నంతకాలం రాష్ట్రం ముందుకు పోదు. దాన్ని తగ్గించాలంటే విమర్శకుల్నన్నా మార్చాలి, జనాన్నన్నా మార్చాలి. విమర్శకులకి సంఘం ఉంది, కోర్టుకి పోతారు. జనానికి అలాంటి సంఘమేదీ లేదు కనక జనాన్నే మార్చాలని కమిటీ ఏకగ్రీవంగా సిఫార్సు చేసింది.

నన్ను తూనికలు కొలతల శాఖ నుంచి డిప్యుటేషన్ మీద ఇందులోకి పంపారు. కిరాణా కొట్ల తక్కెడల్లో తేడాలు పట్టినవాడు మనుషుల్లో తేడాలు కూడా పట్టగలడని పైవాళ్ళ ఆలోచన. నా పేరు పరాంకుశం. సీనియర్ అసిస్టెంటుని. సూపరింటెండెంట్ ప్రమోషన్ల లిస్టులో మొదటి పేరు నాదే. జిల్లా కార్యాలయాన్ని మా ఊరు చింతలమెరకలోనే, పాత పశువుల ఆస్పత్రి భవనంలో పెట్టారు. మా ఆఫీసరు గుణ్ణం సత్యప్రసాదరావు గారు, జిల్లా అభిరుచి అధికారి. ఆయన సినిమాలు చూడరు. ఎందుకండీ అని అడిగితే, "దొంగతనం కేసు విచారించే జడ్జీ ముందు తను దొంగతనం చేసి చూస్తాడా పరాంకుశం గారూ?" అనేవారు. నాకది చాలా సబబుగా తోచింది.

పద్ధతి తేలిక. ప్రతి సినిమాకీ ప్రామాణిక విమర్శకులు శ్రీ భావరాజు విశ్వోత్తమ్ గారు ఐదింటికి ఇన్ని అని నక్షత్రాలు ఇస్తారు. శాఖ పుట్టకముందు ఆయన పేపర్లలో రాసినవి కూడా ప్రామాణికమే. సినిమా చూసి బయటికొచ్చే ప్రతి ప్రేక్షకుడూ గేటు దగ్గర ఫారం నింపి తన నక్షత్రాలు తను వెయ్యాలి. రెంటికీ తేడా అర నక్షత్రమైతే క్షమిస్తాం. ఒకటైతే మందలింపు. రెండైతే లిఖితపూర్వక సంజాయిషీ. మూడూ, ఆపైన అయితే నలభై ఐదు రోజుల రుచిశుద్ధి శిబిరం. శిబిరంలో రోజుకి రెండుసార్లు ఒకే సినిమా వేస్తారు. ఒక ముసలాయన గొడుగు బాగుచేయించుకుందామని ఊరంతా తిరుగుతాడు. మూడు గంటల నలభై నిమిషాలు తిరుగుతాడు. గొడుగు బాగవదు. దానికి విశ్వోత్తమ్ గారు ఐదు నక్షత్రాలు ఇచ్చారు.

నా సంగతి చెప్పాలంటే నా తేడా ఎప్పుడూ సున్నాయే. అందుకు జిల్లా స్థాయిలో ప్రశంసాపత్రం కూడా వచ్చింది. అందులో గొప్పతనం ఏమీ లేదు. పుట్టి బుద్ధెరిగాక నాకు ఏ సినిమా మీదా ఒక అభిప్రాయమంటూ కలగలేదు.

మొదటి నెలలో శ్రీ గంటాలమ్మ పిక్చర్ ప్యాలెస్ గేటు దగ్గర నేనే కూర్చున్నాను. మా ఊళ్ళో ఉన్నది ఆ ఒక్క హాలే. పాలమ్మే మంగాయమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకుంటూ నా దగ్గరికొచ్చింది.

"బాబూ, నాకు రాయటం రాదు, నువ్వే ఏసుకో. ఏడుపొచ్చింది. అదెన్ని నచ్చత్రాలవుద్ది?"

విశ్వోత్తమ్ గారి నక్షత్రాలున్న సీలు కవరు చించి చూశాను. రెండు. కింద ‘సెంటిమెంటు కృత్రిమం’ అని ఉంది.

"ఇందులో ఏడవకూడదమ్మా. ఏడుపు కృత్రిమం" అన్నాను.

"నేను నిజంగానే ఏడిచాను గదయ్యా?"

"అందుకే రెండు వెయ్యాలి."

"అయితే నా ఏడుపు ఎనక్కి తీసేసుకున్నానని రాసుకో నాయనా. గేదె ఈనే టయిము. నేను ఆ శిబిరానికి పోతే దాన్నెవరు చూత్తారు?" అని వేలిముద్ర వేసి వెళ్ళిపోయింది. సత్యప్రసాదరావు గారు ఆ ఫారాన్ని ఫ్రేము కట్టించి ఆఫీసు గోడకి తగిలించారు.

ఆరు నెలలు తిరిగేసరికి జనం దారికొచ్చారు. ఈల వెయ్యాలనుకున్నవాళ్ళు ముందురోజే దరఖాస్తు పెట్టుకునేవారు. కొందరు మరీ చురుకైనవాళ్ళు హాల్లోకి వెళ్ళకుండా గేటు దగ్గరే విశ్వోత్తమ్ గారి సమీక్ష చదువుకుని, ఫారం నింపేసి, ఇంటికి పోయేవారు. దీనికి మా ఆఫీసరు ‘పరోక్ష వీక్షణం’ అని పేరు పెట్టి పైకి రిపోర్టు రాశారు. సినిమా అడ్డం పడకుండా నేరుగా అభిప్రాయానికి చేరుకోవడం మానవజాతి చరిత్రలో ఇదే మొదటిసారి అని ఆయన అందులో పేర్కొన్నారు.

అంతా సవ్యంగా నడుస్తుండగా గత అభిరుచుల స్వయంప్రకటన ఉత్తర్వు వచ్చింది. ఇప్పుడు చూసే సినిమాల్లో జనం దారికొచ్చారు సరే, పాతవాటి సంగతేమిటి? గడిచిన ముప్పై ఏళ్ళలో తాము చూసిన సినిమాల్లో మనసులో మిగిలినవాటికి అందరూ నక్షత్రాలు వేసి ఇవ్వాలి. తప్పుడు ఇష్టాలు మనసులో దాచుకుని తిరిగే పౌరుల మీద సమాజాన్ని నిర్మించలేమని ఉత్తర్వులో రాశారు.

జిల్లాలో మిగతా ఊళ్ళన్నిట్లో సగటు తేడా ఒక నక్షత్రానికి లోపే వచ్చింది. చింతలమెరకలో రెండున్నర వచ్చింది. రాజధాని నుంచి నిపుణుల బృందం దిగింది. మా ఊరి మంచినీళ్ళు సీసాల్లో పట్టుకెళ్ళారు. ఉప్పు పట్టుకెళ్ళారు. బజార్లో మిరపకాయ బజ్జీలు వేసే నూనె కూడా పట్టుకెళ్ళారు. నెల తర్వాత నీళ్ళు తాగడానికి పనికిరావనీ, అయితే అభిరుచికి వాటివల్ల హాని లేదనీ నివేదిక వచ్చింది. మొదటి సంగతి మా శాఖ పరిధిలోకి రాదు కనక ఫైలు మూసేశాం.

మా ఇంటి ఫారం నేనే నింపాను. అన్నీ ప్రామాణికం ప్రకారం వేసి, మా ఆవిడ తాయారు సంతకం కోసం వంటింట్లోకి పట్టుకెళ్ళాను. తాయారు బెండకాయలు తరుగుతోంది. కాగితం చదివి చాకు పక్కన పెట్టింది.

"‘పిల్లనగ్రోవి పోలీస్‌’కి ఒకటిన్నర ఏంటండీ?"

"ప్రామాణికం అంతే ఉంది."

"అది వాళ్ళది. నేను ఐదు ఇస్తాను."

ఇక్కడ కాస్త వెనక్కి వెళ్ళాలి. పద్దెనిమిదేళ్ళ కిందట మా అత్తగారు పోయారు. తాయారు ఆవిడకి ఒక్కతే కూతురు. పుట్టింటి నుంచి తిరిగొచ్చాక ఐదు నెలలపాటు మా ఇంట్లో గిన్నెల చప్పుడు తప్ప మరో చప్పుడు లేదు. అడిగితే బదులు చెప్పేది, పెడితే తినేది, అంతే. నాకు ఓదార్చడం చేతకాదు. తక్కెడ ముల్లు సరిచెయ్యమంటే చేస్తాను గానీ, మనిషి దిగులు ఎక్కడ పట్టుకుని సరిచెయ్యాలో నాకు తెలీదు. ఏం చెయ్యాలో తోచక ఒక శనివారం మ్యాట్నీకి తీసుకెళ్ళాను. అదే ‘పిల్లనగ్రోవి పోలీస్’. అందులో దొంగను పట్టుకోవడానికి ఎస్సై పెళ్ళివారింట్లో వంటవాడి వేషం వేస్తాడు. దొంగ కూడా అదే ఇంట్లో వంటవాడి వేషంలో ఉంటాడు. ఇద్దరూ కలిసి పులిహోర కలుపుతారు. ఉప్పు ఎక్కువైందని కొట్టుకుంటారు. చివరికి దొంగే ఎస్సైని రెక్క పట్టుకుని స్టేషనుకి తీసుకెళ్ళి అప్పగిస్తాడు.

తాయారు అక్కడ నవ్వింది. తాగుతున్న గోలీసోడా ముక్కులోంచి వచ్చేదాకా నవ్వింది. ముందు వరుసలవాళ్ళు వెనక్కి తిరిగి చూశారు. నవ్వీ నవ్వీ ఏడ్చింది. మళ్ళీ నవ్వింది. ఇంటికొచ్చే దారిలో, "రేపు గుత్తివంకాయ చేస్తానండీ" అంది. ఆ మాట విన్నప్పుడు నాకు ఎంత ప్రాణం లేచొచ్చిందో ఇప్పటికీ చెప్పలేను.

ఆ సంగతి నాకూ గుర్తుంది. కానీ రూలు రూలే. "ఇదిగో, విశ్వోత్తమ్ గారు ఏమన్నారో విను" అని సమీక్ష చదివాను. "‘పులిహోర సన్నివేశం కాసింత నవ్వించబోతుంది. సరిగ్గా అక్కడే నలభై నిమిషాల ఫ్లాష్‌బ్యాక్ వచ్చి ఆ నవ్వుని తొక్కేస్తుంది. కథానాయకుడి తండ్రి మరణం, అన్న మరణం, గేదె మరణం. ఈ చావుల మధ్య హాస్యం కూడా చచ్చిపోయింది.’ విన్నావా?"

"అందులో ఫ్లాష్‌బ్యాక్ లేదండీ" అంది తాయారు.

"నువ్వు మర్చిపోయి ఉంటావు."

"గేదె చచ్చిపోతే మర్చిపోతానా?" అని, నా జేబులోంచి పెన్ను తీసుకుని ఒకటిన్నర కొట్టేసి ఐదు వేసింది. సంతకం పెట్టి మళ్ళీ బెండకాయలు ముందేసుకుంది.

ఆ కాగితం చింపేసి ఇంకోటి రాసుకోవచ్చు. ఎవరికీ తెలిసేది కాదు. కానీ నేను అలాంటి ఉద్యోగిని కాదు. మర్నాడు నా చేత్తోనే నోటు ఫైలు పెట్టాను. ‘ఇదే కార్యాలయంలో సీనియర్ అసిస్టెంటుగా పనిచేయుచున్న శ్రీ పరాంకుశం గారి భార్యయందు మూడున్నర నక్షత్రముల తేడా కనుగొనబడినది. తగు చర్య నిమిత్తం సమర్పించడమైనది.’

సత్యప్రసాదరావు గారు ఫైలు చదివి కళ్ళజోడు తీశారు.

"పరాంకుశం గారూ, మీ నిజాయితీని శాఖాపరంగా అభినందిస్తూ, వ్యక్తిగతంగా విచారిస్తున్నాను. సున్నా తేడాగల ఉద్యోగి గృహంలో మూడున్నర! మీ పదోన్నతి దస్త్రం నా బల్లమీద ఉండగా! సదరు నవ్వును సత్వరమే రద్దు చేయించండి."

"నవ్వేసి పద్దెనిమిదేళ్ళయిందండీ."

"కాలదోషం ఆస్తి వ్యాజ్యాలకేగానీ అభిరుచికి వర్తించదు" అని ఆయనే ఒక ముసాయిదా రాయించి ఇచ్చారు. ‘పైన పేర్కొన్న తేదీన నాకు వచ్చిన నవ్వు పొరపాటున వచ్చినదనియు, దానిని ఇకమీదట నవ్వుగా పరిగణించననియు ఇందుమూలముగా ప్రకటించుచున్నాను.’

తాయారు దాన్ని రెండుసార్లు చదివింది. కోప్పడుతుందేమోనని చూశాను. కోప్పడలేదు.

"పొరపాటున వచ్చిందని రాయమంటారా? మా అమ్మ పోయాక మొట్టమొదట వచ్చిన నవ్వండీ అది. అదే రాకపోతే నేనేమైపోయేదాన్నో మీకు తెలీదూ?"

"తెలుసు తాయారూ. కానీ ఫారంలో దానికి గడి లేదు."

"లేకపోతే ఆ గొడుగు సినిమాకే పంపించండి. పప్పు డబ్బా పై అరలో ఉంది. నలభై ఐదు రోజులు వండుకోండి."

నాకు భయమేసింది. వంట గురించి కాదు. శిబిరం నుంచి తిరిగొచ్చినవాళ్ళని నేను చూశాను. మా వీధి పోస్ట్‌మ్యాన్ మంచి సరదా మనిషి, వెళ్ళకముందు ప్రతి గుమ్మం దగ్గరా ఓ కబురు చెప్పి నవ్వించేవాడు. ఇప్పుడు ఉత్తరం చేతికిచ్చి, బాగున్నావా అని అడిగితే కాసేపు ఆకాశంకేసి చూసి, "మూడు" అంటున్నాడు. తాయారు అలా తిరిగొస్తే? ఆ ఐదు నెలల గిన్నెల చప్పుడు మళ్ళీ మొదలైతే? నా సర్వీసులో మొదటిసారిగా అప్పీలు రాశాను. చట్టంలో ‘నవ్వు స్థల తనిఖీ’ అని ఒక క్లాజు ఉంది. ఇంతవరకు ఎవరూ వాడలేదు. దాని ప్రకారం, నవ్విన మనిషిని నవ్విన చోటే కూర్చోబెట్టి, అదే సినిమా ప్రామాణిక విమర్శకుడి సమక్షంలో మళ్ళీ వెయ్యాలి. నవ్వు రాకపోతే ఆనాటి నవ్వు పొరపాటుది. వస్తే శిబిరం ఖాయం, పైగా రోజులు రెట్టింపు. క్లాజు మొత్తం చదివాక అప్పీలు వెనక్కి తీసుకుందామనుకున్నాను గానీ అప్పటికే తాయారు సరేనంది.

సోమవారం రెండున్నర మ్యాట్నీకి ఏర్పాటు చేశారు. విశ్వోత్తమ్ గారు రాజధాని నుంచి కార్లో వచ్చారు. నేను ఊహించుకున్నట్టు లేరాయన. బక్కగా, దిగాలుగా ఉన్నారు. ఇరవై రెండేళ్ళుగా రోజుకి మూడు సినిమాలు చూస్తున్నారట. మంచినీళ్ళిస్తే, "ఇందులో ఇంటర్వెల్ ఉందా?" అని అడిగి, తేరుకుని తాగారు.

గంటాలమ్మ ప్యాలెస్‌లో ముప్పై ఒక్క ఏళ్ళ నుంచి మీరావలే ఆపరేటరు. ఇప్పుడంతా కంప్యూటర్ బొమ్మే అయినా, పాత మిషనుని ఆయన వారానికోసారి నూనె వేసి తుడిచి ఉంచుతాడు. ‘పిల్లనగ్రోవి పోలీస్’ రీళ్ళ పెట్టె కూడా ఆయన దగ్గరే ఉంది. ఆ సినిమా పంచిన కంపెనీ ఎత్తిపోవడంతో పెట్టె కోసం ఎవరూ రాలేదు.

"ఎప్పట్లాగే ఎయ్యమంటారా సార్?" అని అడిగాడు మీరావలి.

"ఎప్పటిలాగే వెయ్యాలి. అణుమాత్రం మార్చరాదు. ఆనాటి పరిస్థితులు యథాతథంగా పునఃసృష్టి కావాలి" అన్నారు సత్యప్రసాదరావు గారు. పరిస్థితుల కోసం ఒక గోలీసోడా కూడా తెప్పించారు.

ముందు సాక్షిగా నన్ను ప్రమాణం చేయించారు.

"అప్పీలుదారు భర్తగా తాము సదరు ప్రదర్శనకు హాజరైనారా?"

"అయ్యానండీ."

"తాము నవ్వినారా?"

"లేదండీ. నేను తెర చూడలేదు."

"సినిమాకు వెళ్ళి తెర చూడకుండా మరి దేనిని వీక్షించినారు?"

"మా ఆవిణ్ణండీ."

సత్యప్రసాదరావు గారు చేతిలోని రూల్సు పుస్తకం అటూ ఇటూ తిప్పారు. "ఆవిడకు ప్రామాణిక నక్షత్రాలు నిర్ణయింపబడలేదు. ఈ సాక్ష్యం చెల్లదు" అన్నారు. తాయారు నావైపు చూసింది. ఆ సంగతి ఆవిడకి నేనెప్పుడూ చెప్పలేదు.

సినిమా మొదలైంది. ఆఫీసరు తెరకి వీపు పెట్టి, తాయారుకి ఎదురుగా కుర్చీ వేసుకుని, స్టాప్‌వాచీ పట్టుకుని కూర్చున్నారు. విశ్వోత్తమ్ గారు మా వెనక వరుసలో కూర్చున్నారు. ఈసారి నేను కూడా తెరకేసి చూద్దామనుకున్నాను. పెళ్ళివారిల్లు వచ్చింది. పులిహోర వచ్చింది. ఉప్పు ఎక్కువైంది. నవ్వు రాకూడదు, రాకూడదు అని గంటాలమ్మ తల్లికి మొక్కుకుంటూ తాయారుకేసి తిరిగాను. దొంగ ఎస్సైని రెక్క పట్టుకుని స్టేషను మెట్లెక్కాడు. సోడా తాయారు ముక్కులోంచి వచ్చింది.

"ఒక గంట నలభై రెండు నిమిషాల పది సెకన్లు. నవ్వు ధ్రువీకరింపబడినది" అన్నారు ఆఫీసరు. నలభై ఐదుకి రెట్టింపు. తొంభై రోజులు!

అప్పుడు వెనకనుంచి దగ్గులాంటిది వినిపించింది. విశ్వోత్తమ్ గారికి పొలమారిందేమోనని తిరిగి చూశాను. ఆయన రెండు చేతులతో నోరు మూసుకుని ఊగిపోతున్నారు. తెర మీద ఎస్సై లాకప్పులోంచి తనకు తనే ఎఫ్ఐఆర్ రాసుకోవడం మొదలెట్టాడు. విశ్వోత్తమ్ గారు చేతులు వదిలేశారు. ఇరవై రెండేళ్ళ నవ్వు ఒక్కసారి బయటికొస్తే ఎలా ఉంటుందో నేనారోజు విన్నాను. చివరికి కుర్చీలోంచి కిందికి జారిపోతే నేనూ తాయారూ చెరో చెయ్యీ పట్టి లేపాల్సొచ్చింది.

లైట్లు వెలిగాయి. నాలుగున్నర కూడా కాలేదు.

"ఫ్లాష్‌బ్యాక్ ఏదీ?" అన్నారు విశ్వోత్తమ్ గారు కళ్ళు తుడుచుకుంటూ. "నేను చూసిందాంట్లో నలభై నిమిషాలు ఏడుపుంది. గేదె ఏది?"

మీరావలిని కిందికి పిలిపించారు. ఆయన చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"గేదెని నేనే తీసేశాను సార్."

"అనగా?"

"అంటే సార్, లంక ఊళ్ళకెళ్ళే ఆఖరు బస్సు తొమ్మిదింటికి. ఫస్టు షో ఆరున్నరకి మొదలెడితే పెద్ద సినిమాలన్నీ తొమ్మిదింబావు దాకా పోతాయి. లంకోళ్ళు క్లైమాక్సు చూడకుండానే లేచి పరిగెత్తేవోళ్ళు. ఆడోళ్ళు, పిల్లల్నెత్తుకుని. చూళ్ళేకపోయాను సార్. అందుకని ప్రతి సినిమా ముందురోజు రాత్రే నేనొక్కణ్ణే ఏసుకుని చూసి, ఎక్కడ జనం కుర్చీల్లో అటూ ఇటూ కదులుతారనిపిస్తే అక్కడ కత్తిరించేవోణ్ణి. పెట్టె తిరిగి పంపేటప్పుడు మళ్ళీ అతికించి పంపేవోణ్ణి. దీన్ని అడిగినోళ్ళు లేరు గాబట్టి అతికించలేదు."

"ఎన్ని సినిమాలను ఈ విధంగా..."

"అన్నీ సార్. రీళ్ళున్నన్నాళ్ళూ."

సత్యప్రసాదరావు గారు కుర్చీలో కూలబడ్డారు. మంచినీళ్ళు, ఉప్పు, బజ్జీల నూనె ఆయన కళ్ళముందు తిరిగి ఉంటాయి. చింతలమెరక జనం చూసిన సినిమాలు భూమ్మీద మరెవరూ చూడలేదు. వాళ్ళ నక్షత్రాలు వాళ్ళు చూసినవాటికి వేశారు. విమర్శకుడు తను చూసినదానికి వేశాడు. ఇద్దరిదీ తప్పు లేదు. కానీ ఎవరిదో ఒకరిది తప్పు కాకపోతే మా శాఖ ఏం చెయ్యాలో రూల్సు పుస్తకంలో ఎక్కడా లేదు.

ఇంతలో విశ్వోత్తమ్ గారు బయటికి నడిచారు. గేటు దగ్గర రూలు అందరికీ ఒకటే. ఫారం ఇచ్చాను. ఆయన ఇంకా నవ్వుతూనే నాలుగున్నర వేసి, సంతకం పెట్టారు. అప్పుడు నాకు తట్టింది. ఆయన ప్రామాణికం ఒకటిన్నర. తనకీ తనకీ తేడా మూడు.

"శిబిరం కదూ?" అన్నారు విశ్వోత్తమ్ గారు, నా మొహం చూసి.

"అవునండీ" అన్నాను.

ఆఫీసరు ఆ రాత్రే రాజధానికి పదకొండు పేజీల ఉత్తరం పంపారు. ఇరవై రోజులకి జవాబు వచ్చింది. ‘ప్రామాణికుడే ప్రామాణికమునుండి వైదొలగుట శాఖ ఉనికికి సంబంధించిన అంశమైనందున ఉన్నతస్థాయిలో కూలంకషముగా చర్చించడమైనది. ఆపరేటరు కత్తిరించిన చిత్రములు ఎచ్చటను విడుదల కాలేదు. విడుదల కాని చిత్రమును ఎవరును చూడజాలరు. కావున గత ముప్పది ఒక్క సంవత్సరములుగా చింతలమెరక ప్రజలు ఏ సినిమాను చూడలేదని తీర్మానించడమైనది. చూడని వానిపై తేడా ఉండదు. పట్టణ సగటును సున్నాగా సవరించవలెను.’

ఊరికి ఊరు ఒక్కరోజులో రాష్ట్రంలోకెల్లా ఉత్తమ అభిరుచిగల పట్టణమైపోయింది. సత్యప్రసాదరావు గారికి శాలువా కప్పారు. నాకు సూపరింటెండెంట్ ఆర్డరు చేతికొచ్చింది. విశ్వోత్తమ్ గారికి మాత్రం ఈ సవరణ వర్తించలేదు, ఆయనది చింతలమెరక కాదు. ఆయన్ని శిబిరానికి పంపారు. గొడుగు సినిమాకి ఐదు ఇచ్చింది ఆయనే. మూడో రోజునే మీరావలికి కార్డు రాశారట, కత్తెర పట్టుకుని ఒకసారి రాగలరా అని.

ఇక మిగిలింది తాయారు ఫైలు. ఊళ్ళో అందరూ ‘నేను ఏ సినిమా చూడలేదు’ అనే కాగితం మీద సంతకం పెట్టారు, ఫైళ్ళు మూసేశాం. తాయారుది మాత్రం మూయడానికి లేదు. ఆవిడ నవ్వు సెకన్లతో సహా రికార్డయి ఉంది. అందుకని ఆవిడ ఒక్కదాని కోసం ఫారంలో ఒక గడి కొత్తగా చేర్చారు. ‘సినిమా చూడకుండగనే నవ్వినందుకు కారణము.’

ఆదివారం పొద్దున్నే ఆ కాగితం తాయారు ముందు పెట్టాను. ఆవిడ కాఫీ తాగుతోంది.

"ఈసారేం రాయాలండీ? నవ్వు రాలేదనా?"

"కాదు. నవ్వు వచ్చిందనే ఉంచారు. సినిమానే చూడలేదు నువ్వు."

"సినిమా పోతే పోయింది. నవ్వు ఉంచారుగా, చాలు" అంది తాయారు. "ఇంతకీ ఎందుకు నవ్వానట?"

"అది మనమే రాయాలి."

నేను పెన్ను తీసుకుని చాలాసేపు ఆలోచించాను. ఐదు నెలల సంగతి రాయొచ్చు, మా అత్తగారి సంగతి రాయొచ్చు. కానీ అవి ఆ గడిలో పట్టవు. వాటిమీద ఎవరో పెద్దాయన ఎర్రసిరాతో టిక్కు పెట్టడం నాకు ఇష్టంలేకపోయింది. నిజంగా ఇష్టంలేకపోయింది. చివరికి ఆఫీసుకి అర్థమయ్యేట్టు చక్కటి దస్తూరీతో ఇలా రాశాను.

‘భర్త పరాంకుశం గారి హాస్యచతురత వలన.’

కాగితం తాయారుకేసి తిప్పాను. ఆవిడ చదివింది. నా మొహంలోకి చూసింది. మళ్ళీ చదివింది. పెళ్ళయి ఇరవై మూడేళ్ళలో నేనొక్క జోకు వేసిన పాపాన పోలేదని ఈ భూమ్మీద ఆవిడకంటే బాగా ఎవరికీ తెలీదు. కాఫీ ముక్కులోంచి వచ్చింది. కప్పు పక్కకి తోసి, బల్లమీద తలపెట్టుకుని, భుజాలు ఎగిరెగిరిపడేలా నవ్వింది. నవ్వీ నవ్వీ ఏడ్చింది. మళ్ళీ నవ్వింది. పక్కింటివాళ్ళు కిటికీలోంచి చూశారు.

"ఐదండీ" అంది, ఊపిరి తిప్పుకుంటూ. "ఐదుకి ఐదు ఇచ్చేస్తున్నాను."

నేను నిజాయితీగా లెక్కవేసుకున్నాను. ఆ వాక్యానికి ఎంత ఉదారంగా చూసినా ఒక నక్షత్రం మించదు. తేడా నాలుగు. సూపరింటెండెంటుగా వెంటనే పైకి రాయడం నా విధి.

రాయలేదు.